ఒమేర్ తలవంచిన రోజు

వ్యాను రూఆన్ దాటేదాకా గిస్లాన్ నోరు విప్పలేదు. ఇక వెనక్కి తిప్పమన్నా ఎవరూ తిప్పరని ఖాయం చేసుకున్నాక, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా, నాంత్‌లో ముందు తలవంచేది మన ఒమేరే అని చెప్పాడు. చెప్పి కిటికీలోంచి బయటికి చూడసాగాడు. బయట బీట్‌దుంప చేలు తప్ప చూడ్డానికి ఏమీ లేవు.

వెనక సీట్లో అతని చెల్లెలు రెజీన్ ఒమేర్ కోటు ఒళ్లో వేసుకుని, సాసరంత బొత్తాం కుడుతోంది. సూది ఆగిపోయింది.

"మళ్లీ చెప్పు," అంది.

"విన్నావుగా."

వ్యానులో ఉన్న మోతగాళ్లు ఆరుగురికీ ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చింది. బోదువాన్ అయితే గురక కూడా పెట్టాడు. అన్నాచెల్లెళ్ల మధ్య దూరినవాడికి ఏ గతి పట్టిందో జాండ్‌బెక్‌లో అందరికీ తెలుసు.

మా ఉత్తరాది ఊళ్లలో ఊరికొక మహాకాయుడు ఉంటాడు. జాండ్‌బెక్‌కి ఒమేర్ ఉన్నాడు. బెత్తంతో అల్లిన ఒళ్లు, చెక్కతో చెక్కిన తల, నల్ల గడ్డం, బీరు కాచేవాళ్లు పెట్టుకునే టోపీ. నిలబడితే రెండంతస్తుల మేడ కిటికీలోకి తొంగిచూస్తాడు. అతని గౌను లాంటి అంగీ కింద ఆరుగురు దూరి, భుజాన కర్రలెత్తుకుని నడిపిస్తారు. యుద్ధంలో ఊరు నేలమట్టమై మళ్లీ ఇటుక మీద ఇటుక పేర్చుకున్న ఏడాది చర్చి ముందు అతనికి బాప్తిస్మం ఇచ్చారు. మంత్రసాని ఒకావిడ తల్లి స్థానంలో జ్ఞానమాతగా నిలబడింది. ఊళ్లో అతన్ని అందరూ పెద్దాయన అంటారు. బొమ్మ అన్నవాడికి ఆ ఊళ్లో ఎవరూ బీరు పొయ్యరు.

బాప్తిస్మం నాటినుంచే వయసు లెక్క. రెండు ఊళ్ల మహాకాయులు ఎదురుపడితే చిన్నవాడు ముందు వంగాలి, పెద్దవాడు ఆ తర్వాత తల పంకించాలి. పక్కూరివాడు ఒకసారి వంగడంలో ఆలస్యం చేశాడని రెండు ఊళ్లూ ఫుట్‌బాల్ ఆడుకోవడం మానేశాయి. ఇంకో నియమం, ఎదుట మరో మహాకాయుడు ఉండగా మనవాణ్ణి కింద దించకూడదు. దించితే కూలబడ్డట్టు. మోతగాడెవడూ జనం చూస్తుండగా అంగీ కిందనుంచి బయటికి రాకూడదు. చివరి నియమం ఎవరూ ఎక్కడా చెప్పింది కాదు, అయినా అన్నిటికన్నా గట్టిది. ఆ అంగీ కింద ఆడవాళ్లు దూరకూడదు.

ఆ అంగీ కుట్టేది మాత్రం రెజీనే. పెళ్లి కాకముందు మొదలుపెట్టి విడాకులు అయ్యాక కూడా కుడుతూనే ఉంది. మొయ్యాలని చిన్నప్పుడు వాళ్ల నాన్నని అడిగింది, నవ్వాడు. నాన్న పోయాక మోతగాళ్లకి కెప్టెన్ అయిన అన్నని అడిగింది. అతను నవ్వలేదు, అదే ఇంకా మండించింది. ఆమె వృద్ధాశ్రమంలో మంచం పట్టిన వాళ్లని ఎత్తి కుర్చీలో, కుర్చీలోంచి ఎత్తి మంచం మీద వేసే పని చేస్తుంది. అక్కడ ఎత్తే బరువుకి ఎవడూ చప్పట్లు కొట్టడు. బలానికి ఆమెకి కొరత లేదు, ఎత్తు కూడా సరిగ్గా మోతగాడి ఎత్తు. పోయిన ఏడాది ఇద్దరు ముసలి మోతగాళ్లు తప్పుకుంటే, గిస్లాన్ మూడు ఊళ్లు తిరిగి ఎవరినో వెతుక్కొచ్చాడు గాని పక్కవీధిలో ఉన్న చెల్లెలి తలుపు తట్టలేదు. ఆ కోపం ఆమె లోపల కాగుతూనే ఉంది. దాని మీద ఇప్పుడు ఇది.

"నాంత్ వాళ్లది మహాకాయురాలు కాదే," అన్నాడు గిస్లాన్, ల మాన్ ఊరి దగ్గర కాఫీకి ఆగినప్పుడు. "అదొక క్రేను. దానికి బాప్తిస్మం లేదు, జ్ఞానపిత లేడు. వయసే లేనిదానికి చిన్నేంటి, పెద్దేంటి? వంగినా వంగినట్టు కాదు."

"క్రేనుకి దణ్ణం పెట్టించడానికి పెద్దాయన్ని ఇంత దూరం మోసుకెళ్తున్నావా?"

"లక్షమంది చూస్తారు."

"వంగడాన్ని చూస్తారు."

గిస్లాన్ కాఫీ సగంలో వదిలేసి లేచాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకోవాల్సొచ్చింది. జీవితమంతా మోసిన మోకాళ్లు అరిగిపోయాయి, శీతాకాలంలో ఆపరేషనుకు రమ్మన్నారు. ఆ తర్వాత ఊరేగింపులో ముందు నడవడం కూడా ఉండదు. పోస్టర్ల మీద ఒమేర్ పక్కన ఒక్కసారి తన మొహం ఉండాలని అతని ఆశ. ఆ సంగతి రెజీన్‌కి తెలుసు. తెలిసినందుకు ఆమెకు జాలి కలగలేదు, ఇంకాస్త ఒళ్లు మండింది. తన ముచ్చటకి పెద్దాయన నడుము వంచుతాడా?

నాంత్‌లో లువార్ నది ఒడ్డున పాత ఓడల షెడ్డులో వాళ్లకి చోటిచ్చారు. అక్కడే, షెడ్డు బయట వీధి మధ్యలో, గిస్లాన్ క్రేనన్న ఆ ఉప్పుమళ్ల పిల్ల పడుకుని ఉంది. పేరు అదే పెట్టుకున్నారు నాంత్ వాళ్లు. ఉప్పుమళ్లలో పుట్టి, సముద్రం మీంచి నడిచొచ్చిందని కథ. చెక్కా ఇనుమూ కలిపి చేసిన పిల్ల. ఒక్క చెయ్యే ఒమేర్ ఎత్తు ఉంటుందేమో. కళ్లు మూసుకుని, ఛాతీ పైకీ కిందికీ ఆడుతుంటే ముక్కులోంచి ఆవిరి వస్తోంది. చుట్టూ జనం గుసగుసగా మాట్లాడుతున్నారు, ఎక్కడ లేస్తుందోనని. ఒక తండ్రి తన పిల్లాణ్ణి గట్టిగా తుమ్మనివ్వలేదు.

రెజీన్ తాపీగా పక్కనే నిలబడి ముక్కు చీదింది. నలుగురు తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

అయినా కుట్టుపని తెలిసినది కనుక గౌను అంచు చూడకుండా ఉండలేకపోయింది. కుట్టు బాగుంది. అది ఆమెకి మరీ కష్టమనిపించింది.

ఉత్సవం వాళ్ల తరఫున సోలెన్ అనే అమ్మాయి వచ్చి కార్యక్రమం వివరించింది. చాలా మర్యాద గల పిల్ల, ప్రతి మాటకీ చిరునవ్వు. ఓడరేవు వీధి మలుపులో ఇద్దరూ ఎదురవుతారు. ఒమేర్ వంగుతాడు. అప్పుడు ఉప్పుమళ్ల పిల్ల ఒక చెయ్యి చాచి, ఒమేర్ టోపీ మీద ఇలా నిమురుతుంది. సోలెన్ గాలిలో నిమిరి చూపించింది, పెంపుడు కుక్కని నిమిరినట్టు.

 బోదువాన్ నేల చూపులు చూశాడు. గిస్లాన్‌కి కూడా ఈ నిమరడం సంగతి కొత్తదే, మొహంలో తెలిసిపోయింది. కానీ ఒప్పుకున్న మనిషి కదా, కిక్కురుమనలేదు.

రెజీనే అడిగింది. మా ఒమేర్ మీ పిల్ల కన్నా వయసులో చాలా పెద్దవాడు, ముందు మీ పిల్లే వంగాలి, మాకు అదే రివాజు అని చెప్పింది. సోలెన్ ఎంతో శ్రద్ధగా విని, చాలా అందమైన ఆచారం అని మెచ్చుకుంది. మెచ్చుకుని, కానీ పిల్లని ఒక్కసారి వంచాలంటే దాన్ని ఆడించే ఎర్రకోట్ల వాళ్లు ముప్పైమంది మళ్లీ సాధన చెయ్యాలని, ఒక్కో కాలికీ ఒక్కో జట్టు మంచె మీంచి తాళ్లు పట్టుకుని దూకితేనే కాలు లేస్తుందని, ఇప్పుడు మార్చడం కుదరదని చెప్పింది. పైగా జనానికి నిమరడం చాలా నచ్చుతుందట.

"మీ తాతగారిని ఎవరైనా వీధిలో అలా నిమిరితే మీకూ నచ్చుతుందా?" అని అడిగింది రెజీన్.

సోలెన్ చిరునవ్వు మొదటిసారి తడబడింది. గిస్లాన్ చెల్లెలి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "నువ్వు దర్జీదానివి. కుట్టు పని చూసుకో," అన్నాడు, అందరికీ వినపడేట్టు.

ఆ రాత్రి మోతగాళ్లు వెన్న వేసిన పలచని రొట్టెలు తింటూ, ఇక్కడి బీరు బీరే కాదని తిట్టుకున్నారు. రెజీన్ వాళ్లతో కూర్చోలేదు.

తెల్లారేసరికి లుడోవిక్ నడుము పట్టేసింది. లుడోవిక్‌ది కుడి ముందు కర్ర. వ్యానులో వంకరగా పడుకున్నాడో, రొట్టెలు ఎక్కువయ్యాయో, మొత్తానికి మనిషి పక్కకి తిరగలేకుండా ఉన్నాడు. ఐదుగురితో ఒమేర్ లేవడు. లేచినా ఒక పక్కకి ఒరుగుతాడు. ముందు ఇద్దరి భుజాలూ ఒకే ఎత్తులో లేకపోతే అసలే కుదరదు. గిస్లాన్ షెడ్డులో కుంటుకుంటూ తిరిగి, లారీ డ్రైవర్ని నిలబెట్టి చూశాడు, పొట్టి. ఉత్సవం వాళ్ల కాపలాదారుని నిలబెట్టి చూశాడు, తాటిచెట్టంత పొడుగు.

"రెజీన్ సరిపోతుంది," అన్నాడు బోదువాన్, ఎవరి మొహమూ చూడకుండా.

"నోర్ముయ్."

"లుడోవిక్ ఎత్తే. ఎప్పుడో కొలిచాం."

ఎప్పుడు కొలిచారని గిస్లాన్ అడగలేదు. అడిగితే తనకి తెలియకుండా ఇంకెన్ని జరిగాయో వినాల్సొచ్చేది. బయట బ్యాండు మేళం మొదలైంది. ఈలోగా రెజీన్ బూట్లు బిగించుకుని అంగీ ఎత్తి లోపలికి దూరేసింది. కుట్టిన చెయ్యి కనుక ఎక్కడ ఎత్తాలో ఆమెకి చీకట్లో కూడా తెలుసు.

గిస్లాన్ వంగి లోపలికి తల పెట్టి, మలుపు దాకా మాత్రమే అన్నాడు. ఈల వేస్తే నడవాలి, రెండు ఈలలకి ఆగాలి, పొడుగు ఈలకి ముందున్న ఇద్దరూ మోకాళ్లు వంచాలి, తెలిసిందా అన్నాడు. మిగతావాళ్లంతా ఊఁ అన్నారు. రెజీన్ తలపట్టా సర్దుకుంటూ ఏమీ అనలేదు. అననిది అతను గమనించలేదు.

ఎత్తిన మొదటి క్షణంలో ఆమెకి ఊపిరి ఆడలేదు. బెత్తం కిర్రుమంది, కర్ర ఎముకలోకి దిగింది, పైన ఎక్కడో చెక్క తల ఊగి ఆ ఊపు వెన్నులోకి వచ్చింది. లోపల పాత చెమట, మైనం, తడిసిన ఊలు వాసన. ఇన్నేళ్లూ ఈ అంగీని బయటినుంచే ఎరుగుదును కదా అని కోపం వచ్చింది. ఆ కోపంతోనే సంతోషం కూడా వచ్చింది, దాన్ని ఎవరికీ కనపడనివ్వకుండా దిగమింగింది. ముందున్న చిన్న జల్లెడ కిటికీలోంచి వీధి ముక్క కనిపిస్తోంది. నడిచింది. అడుగు తప్పలేదు. వెనకనుంచి ఎవడో, "లుడోవిక్ కన్నా నయమే, పాదాలు తొక్కట్లేదు," అని గొణిగాడు.

ఓడరేవు మలుపులో ఈల రెండుసార్లు మోగింది. ఆగారు. ఎదురుగా ఇనుప పాదం ఒకటి గాలిలోంచి దిగి వీధి అదిరేట్టు ఆనింది. ఎర్రకోట్ల వాళ్లు కేకలు పెట్టుకుంటూ తాళ్లతో దూకుతున్నారు, వాళ్లు కిందపడితే కాలు పైకి లేస్తోంది. అందులో సగంమంది ఆడవాళ్లే. రెజీన్ అది చూసింది. చూసి పళ్లు నూరింది.

అప్పుడు పొడుగు ఈల.

బోదువాన్ మోకాళ్లు వంచాడు. రెజీన్ వంచలేదు. ఒమేర్ తాగినవాడిలా ఎడమకి ఒరిగాడు, జనం గొల్లుమన్నారు. బోదువాన్ కంగారుపడి నిటారుగా లేచాడు. మళ్లీ పొడుగు ఈల. ఈసారి బోదువాన్ పక్కకి చూశాడు. రెజీన్ దవడ చూశాక, చెవిటివాడిలా ఉండిపోయాడు.

బయట ఇనుప చెయ్యి చాచి ఉంది. వంగని తల మీద ఎలా నిమరాలో తెలియక గాలిలో వేలాడుతోంది. సోలెన్ గొంతు ఏమిటేమిటని అడుగుతోంది. గిస్లాన్ అంగీకి నోరు ఆనించి, "వంచవే," అన్నాడు.

"చిన్నది ముందు వంగాలి."

"నిన్ను కాదు నేను దించాల్సింది, ఆయన్ని. దించమంటావా?"

దించడని ఆమెకి తెలుసు. దించితే మహాకాయురాలి ముందు కూలబడ్డట్టు, ఊళ్లో తల ఎత్తుకోలేడు. అది మహాకాయురాలే కాదని వాదించిన మనిషికి దించడానికి మాత్రం చేతులు రావడం లేదు. రెజీన్‌కి నవ్వొచ్చింది, నవ్వడానికి ఊపిరి లేదు. మామూలుగా ఇంతసేపు ఒకేచోట నిలబడి మొయ్యరు. కాళ్లలో వణుకు మొదలైంది. అతను చెయ్యాల్సిందల్లా వేచి ఉండడం. ఆమె కాళ్లు పడిపోతే ఒమేర్ తనంతట తనే వంగుతాడు. అన్న బయట, చెల్లెలు లోపల, ఇద్దరూ బిగుసుకుని నిలబడ్డారు. జనం ఇదంతా నాటకమే అనుకుని మరీ నిశ్శబ్దంగా చూస్తున్నారు.

వెనకనుంచి ఒకడు, "పట్టు, రెజీన్," అన్నాడు. ఇంకొకడు కూడా అన్నాడు. అది గిస్లాన్ చెవిన పడింది. తన మోతగాళ్లు, తను ఊళ్లు తిరిగి ఏరి తెచ్చుకున్నవాళ్లు. అతను ఇక ఆగలేకపోయాడు.

అంగీ ఎత్తి లోపలికి దూరాడు. చెల్లెలి పక్కనే ముందున్న అడ్డకర్రని రెండు చేతులా పట్టుకుని, తన ఒంటి బరువంతా వేసి, మోకాళ్లు వంచి కిందికి లాగాడు. రెజీన్ నిలబడాలనే చూసింది. నిలబడలేకపోయింది. ముందు భాగం దిగింది, బెత్తం మూలిగింది, ఒమేర్ గడ్డం ఛాతీకి తాకేట్టు వంగాడు. బయట చప్పట్లు ఉరిమాయి. ఇనుప వేళ్లు టోపీ మీద ఆనడం ఆమెకి భుజంలో తెలిసింది. ఒకసారి. రెండోసారి.

ఆమెకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి, అవమానంతో.

"అయింది," అన్నాడు గిస్లాన్. "లేవండి."

బోదువాన్ లేవబోయాడు. ఒమేర్ లేవలేదు. అడ్డకర్ర మీద గిస్లాన్ ఇంకా వేలాడుతూనే ఉన్నాడు. మోకాళ్లు రెండూ వంగినచోటే బిగుసుకుపోయాయి. లేవబోతే మొహం తెల్లగా పాలిపోయింది. కర్ర వదిలేస్తే రోడ్డు మీద పడతాడు, ఒమేర్ అతన్ని దాటి కదిలితే అంగీ వెనకనుంచి కెప్టెన్ గారు లక్షమంది ముందు పాక్కుంటూ బయటపడతారు. చప్పట్లు సన్నగిల్లుతున్నాయి. ఎక్కువసేపు వంగి ఉంటే అది దణ్ణం కాదు, కాళ్ల బేరం.

"లేపవే," అన్నాడు చివరికి, పళ్ల మధ్యనుంచి.

"కుడి ముందు కర్ర ఎవరిది?"

"ముందు లేపు."

"ఎవరిదని అడిగాను."

అతను అడ్డకర్రని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చెప్పేరకం కాదు, అలాంటివాడి చెల్లెలే ఆమె. పైన ఆ చెయ్యి మూడోసారి టోపీని తాకింది. ఇక అది భరించడం రెజీన్ వల్ల కాలేదు. "చెయ్యి నా మెడ చుట్టూ వెయ్యి. మూడు అన్నాక. కాళ్లు నేలకి తన్నిపెట్టు, మిగతాది నేను చూసుకుంటా," అంది. వృద్ధాశ్రమంలో మంచాల పక్కన మాట్లాడే గొంతు అది, మెత్తగా, ఎదుటి మనిషికి ఇక ఏ దారీ లేనట్టుగా. గిస్లాన్‌కి ఆ గొంతు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. అయినా చెయ్యి వేశాడు.

మూడు అని లేచింది. ఒక భుజాన ఒమేర్, ఒక భుజాన అన్న. తొడల్లో ఏదో చిరిగినట్టు నొప్పి. లేస్తూనే ఉంది. ఒమేర్ తల ఇనుప అరచేతిని తోసుకుంటూ పైకి లేచింది. ఆ తోపుకి అరచెయ్యి వెనక్కి ఊగింది, తాళ్లు పట్టుకున్న ఎర్రకోట్లు ఇద్దరు తూలిపడ్డారు. జనానికి అదీ నచ్చింది.

అక్కడినుంచి షెడ్డు దాకా దారి చెప్పింది రెజీనే. కిటికీలోంచి చూస్తున్నది ఆమె ఒక్కతే మరి. ఎడమకి, ఆగండి, గట్టు ఉంది, పదండి. ఆమె మాటకి ఐదుగురూ నడిచారు. ఆరోవాడు ఆమె మెడ పట్టుకుని కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. 

షెడ్డులో ఒమేర్‌ని దించి, తలుపులు వేశాక గిస్లాన్‌ని ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టారు. సోలెన్ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ ఆలస్యం, ఆ తూలడం, ఆ చివర్లో తల ఎగరెయ్యడం, అన్నీ అద్భుతం అంది. మీ ఒమేర్ ఎంత బాగా వంగాడో అని కళ్లు పెద్దవి చేసింది.

రెజీన్ తలపట్టా విప్పి చెమట పిండుతోంది.

"వంగింది మా అన్న," అంది. "ఒమేర్ కాదు."

 సోలెన్ ఆమెని చూసి, గిస్లాన్‌ని చూసి, నీళ్లు తెస్తానని వెళ్లిపోయింది. గిస్లాన్ మోకాళ్లు రుద్దుకున్నాడు. తర్వాత బోదువాన్‌ని పిలిచాడు. చెల్లెలు మూడడుగుల దూరంలోనే ఉన్నా బోదువాన్‌తోనే చెప్పాడు.

"వచ్చే ఊరేగింపు నుంచి కుడి ముందు కర్ర దానిదని చెప్పు. నాతో మాత్రం మాట్లాడొద్దని చెప్పు."

బోదువాన్ రెజీన్ వైపు తిరిగాడు. నోరు తెరిచేలోపే ఆమె అంది:

"కర్ర నాదైతే, ఇకమీదట పెద్దాయన ఎవరికి వంగాలో, ఎవరికి వంగకూడదో కూడా నేనే చెప్తానని చెప్పు. అంగీకి కొత్త దర్జీని వెతుక్కోమని కూడా చెప్పు."